వంటింటికి తాళం, వారం రోజులు సముద్రం!

"ఈసారి సెలవులకి ఎక్కడికైనా వెళ్దామా?" అని ఇంట్లో ఎవరైనా అనగానే మీకు ముందుగా ఏం గుర్తొస్తుంది? సముద్రమా? కొండలా? గుళ్ళూ గోపురాలా? నిజం చెప్పండి! నాకు మాత్రం పాలవాడు గుర్తొస్తాడు. తర్వాత పనమ్మాయి, గ్యాసు బండ, డాబా మీది కరివేపాకు మొక్క, దారిలోకి పులిహోర, అత్తగారి మాత్రల డబ్బా, తిరిగొచ్చాక ఉతకాల్సిన బట్టల గుట్ట... ఇవన్నీ దాటుకుని సముద్రం దాకా వెళ్ళేసరికి సగం ఓపిక అయిపోతుంది.

మన ఇళ్ళల్లో విహారయాత్ర అంటే అందరికీ సెలవు, ఇల్లాలికి మాత్రం డ్యూటీ మారడం. ఇంట్లో అయితే ఏ డబ్బాలో ఏముందో తెలుసు. ఊరు వెళితే అదే పని సంచుల్లోంచి చెయ్యాలి. "అమ్మా, నా టవలేదీ?", "ఏమోయ్, నా కళ్ళజోడెక్కడ పెట్టావు?"... ఈ ప్రశ్నలకి సముద్రపొడ్డున కూడా సెలవుండదు. అవునా, కాదా?

అందుకే పోయిన ఏడాది ఫిబ్రవరిలో మేం వారం రోజులు ఉత్తరాంధ్ర తీరానికి వెళ్ళినప్పుడు, ప్రయాణం ప్లాను వెయ్యడం నేనే చేతుల్లోకి తీసుకున్నాను. వైజాగ్‌లో మొదలుపెట్టి, భీమిలి, శ్రీకాకుళం, కళింగపట్నం మీదుగా సోంపేట దగ్గరి బారువ దాకా. రెండువందల కిలోమీటర్ల పైచిలుకు దారి. ఒక్కరోజులో కారులో చుట్టేయొచ్చు. మేం దానికి ఏడు రోజులు తీసుకున్నాం. ఆ ప్లాను ఎలా వేశామో చెబుతాను. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

మేం ఐదుగురం. నేను, మావారు, డెబ్భై నాలుగేళ్ళ మా అత్తగారు, ఉద్యోగం చేస్తున్న అమ్మాయి, ఇంజినీరింగ్ చదువుతున్న అబ్బాయి. ఉండేది హైదరాబాదు. అత్తగారి పుట్టిల్లు బారువ. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఆవిడ పుట్టింటికి వెళ్ళడం తగ్గిపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరితోటల్నీ జీడితోటల్నీ ఊడ్చిపెట్టేసినప్పుడు, వాళ్ళ తమ్ముడి తోట కూడా పోయింది. టీవీలో పడిపోయిన చెట్లు చూస్తూ ఆవిడ ఏమీ అనలేదు. ఆ తర్వాత మాత్రం అప్పుడప్పుడు, పప్పులో రాళ్ళేరుతూనో, వత్తులు చేస్తూనో, "మా ఊరి సముద్రం ఒక్కసారి చూస్తే బాగున్ను" అనేవారు. ఎవరితోనూ కాదు, చేటతో చెప్పినట్టు! పెద్దవాళ్ళ కోరికలు అలాగే ఉంటాయండీ. మనం విన్నామా సరే, లేకపోతే చేటలోనే ఉండిపోతాయి.

ఎప్పుడు వెళ్ళాలి?

మొదటి ప్రశ్న ఇది. బంగాళాఖాతంతో బేరాలు కుదరవు. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వైజాగ్ మీదే విరుచుకుపడింది. తిత్లీ వచ్చింది కూడా అక్టోబరులోనే. డిసెంబరులో కూడా వాయుగుండాలు పడుతుంటాయి. ఏప్రిల్ వచ్చిందంటే ఎండ, ఉక్కపోత. సంక్రాంతికి రైళ్ళు కిటకిట. ఇవన్నీ తీసేస్తే మిగిలేది సంక్రాంతి జనం తిరిగి వెళ్ళిపోయాక మార్చి మొదటి వారం దాకా. పొద్దున్నే చల్లగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది, పెద్దవాళ్ళకి ఇబ్బంది ఉండదు. పిల్లల బడి సెలవులతో ముడిపడిన ఇళ్ళవాళ్ళు డిసెంబరు చివరి వారం చూసుకోవచ్చు. అప్పుడు వాతావరణం వార్తలు వినకుండా మాత్రం బయల్దేరకండి.

ఐదుగురికి ఐదు కోరికలు

మావారు కాగితం, పెన్ను తీసుకుని కూర్చుని పదిహేడు ఊళ్ళు రాశారు. అరకు, బొర్రా గుహలు, సింహాచలం, అన్నవరం... "ఇంత దూరం వెళ్ళి చూడకపోతే ఎలా?" అన్నది ఆయన వాదన. వారానికి పదిహేడంటే రోజుకి రెండున్నర. అది విహారం అనిపించుకోదు, ఎలక్షన్ ప్రచారం అనిపించుకుంటుంది!

ఆ కాగితం వెనక్కి తిప్పి నేనొక నియమం పెట్టాను. ఒక్కొక్కళ్ళు ఒక్క కోరిక చెప్పాలి. ఆ ఐదూ తప్పకుండా తీరాలి. మిగిలినవి దారిలో పడితే చూద్దాం, పడకపోతే ఇంకోసారి చూద్దాం.

మావారు జలాంతర్గామి అన్నారు. అబ్బాయి రుషికొండలో పడవ తొక్కాలన్నాడు. అమ్మాయి పొందూరు వెళ్ళి ఖద్దరు చీర నేసేచోటు చూడాలంది. అత్తగారి కోరిక మనకి తెలిసిందే. ఇంక నా వంతు వచ్చింది. అందరూ నావైపు చూశారు. నేనేదో గుడి పేరు చెబుతాననుకున్నట్టున్నారు.

"ఒక మధ్యాహ్నం. పన్నెండు నుంచి ఆరు దాకా. నన్నెవరూ ఏమీ అడక్కూడదు" అన్నాను.

ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అబ్బాయి, "అదేం కోరికమ్మా?" అని నవ్వాడు. అత్తగారు మాత్రం నవ్వలేదు. "రాయ్, రాయ్. అది ముందు రాయ్" అని కొడుకుని కసిరారు. యాభై ఏళ్ళు వంటింట్లో ఉన్న మనిషికి తెలీదూ!

అక్కచెల్లెళ్ళూ, ఇక్కడే ఒక మాట. మీ విశ్రాంతిని కూడా కాగితం మీద రాయించండి. రైలు టిక్కెట్టు ఎలా రాస్తామో అలాగ. "చూద్దాంలే, వీలుంటే పడుకుంటాను" అనుకున్నారో... ఆ వీలు ఎప్పటికీ రాదు.

టిక్కెట్లు, బస

ఇప్పుడు రైలు రిజర్వేషన్లు అరవై రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. 2024 నవంబరుకి ముందు నూటఇరవై రోజులుండేది. అందుకని క్యాలెండర్లో అరవయ్యో రోజుని ఎర్ర సిరాతో చుట్టి పెట్టుకోండి. ఇంకో సంగతి. అరవై దాటిన మగవాళ్ళకీ, నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకీ కింది బెర్తుల కోటా ఉంది. ఒక్కరో, ఇద్దరో ఉన్న టిక్కెట్టుకే అది వర్తిస్తుంది. అయిదుగురికీ కలిపి ఒకే టిక్కెట్టు తీస్తే అమ్మమ్మకి పై బెర్తు వచ్చే ప్రమాదముంది! మేం అత్తగారికీ నాకూ ఒక టిక్కెట్టు, మిగతా ముగ్గురికీ ఇంకోటి తీశాం. శనివారం సాయంత్రం గోదావరి ఎక్కి ఆదివారం పొద్దున్నే వైజాగ్‌లో దిగేట్టు. వందే భారత్‌లో పగలే వెళ్ళిపోవచ్చుగానీ, అన్ని గంటలు కాళ్ళు కిందికి వేసుకుని కూర్చుంటే అత్తగారికి పాదాలు వాచిపోతాయి.

బస విషయంలో నాదొకటే లెక్క. పెట్టెలు ఎన్నిసార్లు సర్దాలి? రోజుకో ఊళ్ళో పడుకుంటే రోజూ సర్దడమే. సర్దేది ఎవరు? మనమే! అందుకే వైజాగ్‌లో ఒక రాత్రి, భీమిలిలో రెండు, శ్రీకాకుళంలో రెండు, బారువలో ఒకటి. గది అడిగేటప్పుడు మూడు ప్రశ్నలు మర్చిపోకండి. కింది అంతస్తులో ఉందా? బాత్రూములో పాశ్చాత్య పద్ధతి ఉందా? వేడినీళ్ళు ఎన్నింటి దాకా వస్తాయి? సముద్రం కనిపిస్తుందా అన్నది నాలుగో ప్రశ్న. కనిపించకపోతే నడిచి వెళ్దాం. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని మూడో అంతస్తు మెట్లెక్కించలేం కదా.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఏడాది ముందు నుంచి నెలకి రెండువేలు చొప్పున విడిగా దాచాం. పిల్లలిద్దరూ వాళ్ళకి తోచింది వేశారు. అప్పు చేసి సముద్రం చూడక్కర్లేదు. వైజాగ్ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీదుగా సిటీ బస్సులున్నాయి. ఇద్దరే అయితే అవి చాలు. మేం అత్తగారి కోసం కారు మాట్లాడుకున్నాం.

వెళ్ళేముందు ఇంట్లో

పని పంచి రాసిపెట్టాను. గ్యాసు రెగ్యులేటరు, నీళ్ళ మోటారు, కిటికీ గొళ్ళాలు మావారివి. మొక్కలు అబ్బాయివి. బకెట్టు నిండా నీళ్ళు పోసి ఎత్తు మీద పెట్టి, పాత నూలుగుడ్డ వత్తిలా చేసి ఒక కొస నీళ్ళల్లో, ఇంకో కొస కుండీ మట్టిలో పెడితే వారం రోజులు చెమ్మ ఆరదు. చేసి చూడండి. ఫ్రిజ్ ఖాళీ చెయ్యడం అమ్మాయిది. ఆఖరి రెండ్రోజులూ మిగిలిన కూరగాయలన్నీ కలిపి సాంబారు!

ఎవరి బట్టలు వాళ్ళే సర్దుకోవాలన్నది గట్టి నియమం. "నా టవలేదీ?" అన్న ప్రశ్న అక్కడే సగం చచ్చిపోయింది.

తినడానికి రైల్లోకి ఒక్కపూట పులిహోర, పెరుగన్నం. దానికి మించి పెట్టుకోలేదు. జంతికలు, మినపసున్ని ఉండలు ఒక డబ్బా. కారప్పొడి చిన్న సీసా, ఎందుకంటే మావారికి ఇడ్లీలోకి చట్నీ ఉన్నా కారప్పొడి లేకపోతే టిఫిను దిగదు. కారు తిప్పుళ్ళకి ఎండబెట్టిన ఉసిరి ముక్కలు. రైస్ కుక్కరు పట్టుకెళ్దామని ఆయనన్నారు. "కుక్కరు వస్తే నేను రాను" అన్నాను. రాలేదు... కుక్కరు!

ఇంకో చిట్కా. చిన్న డబ్బాలో టాల్కం పౌడరు పెట్టుకోండి. ఒడ్డు నుంచి వచ్చాక కాళ్ళకి చల్లి పొడిగుడ్డతో దులిపితే అంటుకున్న ఇసక రాలిపోతుంది. గదిలోకి ఇసక రాదు, ఊడ్చే పనీ ఉండదు.

మొదటి మూడు రోజులు

ఆదివారం పొద్దున్న దిగాక మధ్యాహ్నం దాకా నిద్రే. రాత్రి ప్రయాణం చేసిన రోజున పగలు ఏమీ పెట్టుకోకండి. సాయంత్రం రామకృష్ణా బీచి. అక్కడే కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియమై ఒడ్డుకి చేరింది. సోమవారం దానికి సెలవు, అందుకే ఆదివారం పెట్టుకున్నాం. లోపల దారి సన్నం, తలుపులు గుండ్రంగా, వంగి కాలెత్తి దాటాలి. పెద్దవాళ్ళకి కష్టం. మావారు, పిల్లలు వెళ్ళారు. అత్తగారూ నేనూ బయట మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చున్నాం. మావారు బయటికొచ్చి, "లోపల వంటిల్లు చూశానోయ్, మన బాత్రూమంత కూడా లేదు! అంతమందికి అందులోనే వండేవారట" అన్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఒక వంటింటి గురించి అంత ఆశ్చర్యపోవడం నేను అప్పుడే చూశాను!

సోమవారం బీచ్ రోడ్డు. వైజాగ్ నుంచి భీమిలి పాతిక కిలోమీటర్లు. ఒకపక్క కొండలు, ఒకపక్క సముద్రం. అరగంటలో వెళ్ళగలిగే దారిలో మేం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉన్నాం. రుషికొండలో అబ్బాయి పడవ తొక్కాడు. తొట్లకొండ మీద రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ ఆరామం ఆనవాళ్ళున్నాయి. రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లున్నాయి కాబట్టి తొట్లకొండ అయింది. పై దాకా కారు వెళుతుంది. అక్కణ్ణించి కింద సముద్రం చూస్తే, ఆ భిక్షువులకి చోటు ఎంచుకోవడం బాగా తెలుసు అనిపిస్తుంది. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళుగా గాలీ నీరూ కలిసి పేర్చినవి, కోసినవి. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. పిల్లలు ఫొటోలు తీసుకుంటారు, తీసుకోనివ్వండి. మట్టి మాత్రం తవ్వి తేకండి.

మంగళవారం నా రోజు. భీమిలి నిదానమైన ఊరు. గోస్తని నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. 1861లోనే మునిసిపాలిటీ అయింది. డచ్చివాళ్ళు వర్తకానికొచ్చి ఇక్కడే కన్నుమూస్తే కట్టిన పాత సమాధులు ఇంకా ఉన్నాయి. పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళి, పడవలు తిరిగి రావడం, వలల్లోంచి చేపలు దులపడం, బుట్టలెత్తుకుని ఆడవాళ్ళు బేరాలాడటం చూశాం. మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, అస్తమించేది మన వీపు వెనకే. అందుకని తెల్లవారుజామునే లేవండి. పొద్దెక్కాక కావాలంటే మళ్ళీ పడుకోవచ్చు.

పన్నెండయింది. అందరూ వెళ్ళిపోయారు. నేను వరండాలో కుర్చీ వేసుకున్నాను. చదువుదామని నవల తెచ్చుకున్నాను. పది పేజీలు కూడా చదవలేదు. మొదటి గంటంతా చేతులు ఊరుకోలేదండీ! లేచి తడిబట్టలు ఆరేశాను, మడిచాను. ఏదో మర్చిపోయానేమోనని రెండుసార్లు లోపలికి వెళ్ళొచ్చాను. ఒంటిగంటన్నరకి అబ్బాయి తలుపు సందులోంచి తొంగిచూసి, "అమ్మా, సబ్బు..." అనబోయి, వెనక నుంచి వాళ్ళ నానమ్మ చీర చెంగు కనపడగానే నోరు మూసుకుని వెళ్ళిపోయాడు. రెండయ్యాక అలల చప్పుడు చెవికి వినపడింది. అంతకుముందు కూడా ఉంది కదా, నాకు వినపడలేదంతే. మూడింటికి నిద్రపోయాను. లేచేసరికి అయిదు. ఎవరో నా మీద దుప్పటి కప్పి వెళ్ళారు.

ఆ ఆరు గంటల్లో నేనేం సాధించాను? ఏమీ లేదు. కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర నేను గట్టిగా నవ్వుతున్నానని అమ్మాయి చెప్పింది.

శ్రీకాకుళం వైపు

బుధవారం శ్రీకాకుళం చేరాం. అరసవల్లి సూర్యదేవుడి గుడికి ఆదివారాలు, ముఖ్యంగా మాఘమాసంలో, విపరీతమైన రద్దీ. మేం బుధవారం సాయంత్రం వెళితే హాయిగా దర్శనమైంది. ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు ఉదయపు ఎండ నేరుగా స్వామి పాదాల మీద పడుతుంది. అక్కడికి దగ్గర్లోనే శ్రీకూర్మం. విష్ణుమూర్తి కూర్మావతారానికి గుడి ఉండటమే అరుదు. ఇక్కడ రెండు ధ్వజస్తంభాలుంటాయి. రాతి స్తంభాల నిండా శాసనాలు, గోడల మీద పాత చిత్రాలు. అత్తగారు మండపంలో ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని, "నా పెళ్ళిచూపులయ్యాక మా అమ్మ నన్ను ఇక్కడికే తీసుకొచ్చింది" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట మేం వినలేదు. తొందరగా తిరిగే ప్రయాణంలో ఇలాంటి మాటలు రావు. కూర్చోబెడితేనే వస్తాయి.

గురువారం పొద్దున్న పొందూరు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ళ మధ్య నుంచి దూది మంచులా వస్తుంది. దాన్ని చేత్తో వడికి సన్నని నూలు తీస్తారు. ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వడుకుతున్న ఒకావిడని, "రోజంతా కూర్చుంటే నడుం నొప్పి రాదా?" అని అమ్మాయి అడిగింది. "వస్తాది. ఇంటికెళ్ళి వంట సేస్తే పోతాది" అని నవ్వింది ఆవిడ. అమ్మాయి అక్కడ బేరమాడకుండా చీర కొంది. నేనూ ఆడమనలేదు.

సాయంత్రం కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పటి రేవు, ఇప్పుడు దీపస్తంభం, విశాలమైన ఖాళీ ఒడ్డు. దగ్గర్లోనే శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. అత్తగారితో పాటు నేను కింద కారులో ఉండిపోయాను, తేగలు కాల్చినవి తింటూ. ఆ కాలంలో ఆ వైపు వెళితే తేగలు వదలకండి.

బారువ

శుక్రవారం టెక్కలి మీదుగా ఉత్తరానికి వెళ్ళాం. దారిలో తేలినీలాపురం. ఏటా సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. ఊరివాళ్ళు వాటిని తరమరు. అవి రావడం ఊరికి శుభమని నమ్మకం. పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. దగ్గర్లో నౌపడా ఉప్పుమళ్ళు, ఎండలో తెల్లగా మెరుస్తూ.

బారువలో బస అత్తగారి తమ్ముడి కొడుకు ఇంట్లో. ఇక్కడ మీకొక మాట గట్టిగా చెప్పాలి. మనం వంటింటికి తాళం వేసి వచ్చాం, సరే. బంధువుల ఇంట్లో దిగితే ఆ ఇల్లాలి వంటిల్లు ఏమవుతుంది? ఐదుగురు ఒక్కసారి వచ్చి పడితే ఆవిడకి పండగా, పనా? మన సెలవు ఇంకో ఆడదాని నెత్తిన పడకూడదు కదా. అందుకని వారం ముందే ఫోను చేసి చెప్పాను. "అమ్మాయ్, రాత్రి ఒక్కపూట నువ్వు చెయ్యి. మిగతావి సోంపేట నుంచి తెప్పిస్తాం. నువ్వూ మాతో సముద్రానికి రావాలి" అని. మొదట "అదేటొదినా, మా ఇంటికొచ్చి బయట తిండేటి?" అని నొచ్చుకుంది. తర్వాత అత్తగారే ఫోను తీసుకుని సర్దిచెప్పారు. ఆ రాత్రి ఆ పిల్ల చేసిన నెత్తళ్ళ పులుసు, పనసపొట్టు ఆవపెట్టిన కూర ఇప్పటికీ నోట్లో ఉన్నాయి. శనివారం పొద్దున్న టిఫిను పొట్లాల్లో వచ్చింది. ఆ పిల్ల మాతో ఒడ్డుకి వచ్చింది. పెళ్ళయి ఆ ఊరొచ్చి పదకొండేళ్ళయిందట. పొద్దుపొడుపు చూడటానికి సముద్రానికి రావడం అదే మొదటిసారి అంది! ఇంటి నుంచి పది నిమిషాల నడక.

ఆ పొద్దున్న అత్తగారిని మావారు ఒకపక్క, అబ్బాయి ఒకపక్క పట్టుకుని ఇసకలో నడిపించారు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి మోసుకెళ్ళాం. మహేంద్రతనయ వచ్చి కలిసే వైపు తిరిగి ఆవిడ కూర్చున్నారు. "ఓలమ్మ! ముందుకొచ్చేసినట్టుంది" అన్నారు. ఇంకేం అనలేదు. అలొచ్చి పాదాల్ని తడిపి వెళ్ళినప్పుడల్లా చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తిపట్టుకుని, చిన్నపిల్లలా కాలివేళ్ళు కదిపారు. మావారు ఆ పక్కనే ఇసకలో కూర్చుండిపోయారు. పదిహేడు ఊళ్ళ మనిషి రెండు గంటలు కదల్లేదు.

అక్కడికి కొంచెం దూరంలో తాబేలు అడుగుజాడ కనిపించింది. రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలొకటి వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళింది. ఆ తీరమంతా చలికాలం చివర్లో అవి వస్తాయి. ఒక్కో తల్లి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసకతో కప్పి వెళ్ళిపోతుంది. నలభై అయిదు రోజుల నుంచి రెండు నెలల్లోపు పిల్లలొస్తాయి. గుడ్లని కుక్కలూ నక్కలూ తినకుండా జాగ్రత్తచేసి, పిల్లల్ని సముద్రంలోకి వదిలేవాళ్ళున్నారు. రాత్రిపూట తాబేలు కనబడితే టార్చి వెయ్యకండి, ఫోన్ ఫ్లాష్ కొట్టకండి. దీపం చూస్తే బెదిరి గుడ్లు పెట్టకుండానే తిరిగి పోతుంది.

తర్వాత తమ్ముడి తోటకి వెళ్ళాం. తిత్లీ తర్వాత పెట్టిన కొబ్బరిమొక్కలు ఇప్పుడిప్పుడే గెలలేస్తున్నాయి. అత్తగారు ఒక చెట్టు మొదలు నిమిరి, "ఇది నిలుస్తాది" అన్నారు. ఆ సాయంత్రం పలాసలో జీడిపప్పు కొనుక్కుని రైలెక్కాం. ఆదివారం ఇంట్లో ఉన్నాం. కరివేపాకు మొక్క పచ్చగానే ఉంది.

ఒక్క హెచ్చరిక

మన తీరంలో అలలు చూడ్డానికి ఎంత అందంగా ఉంటాయో, కింద నీరు అంత బలంగా లోపలికి లాగుతుంది. పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి. నదులు కలిసే చోట అసలే వద్దు. ఎర్ర జెండా ఉన్నచోట దిగకండి. ఎవరినైనా నీరు లాగితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, అలసిపోతారు. తేలుతూ ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరిగి, లాగుడు తగ్గాక ఒడ్డుకి రావాలి. ఇది పిల్లలకి ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళండి. ఒడ్డున చెబితే అలల చప్పుడులో వినరు!

ఇంక మీ వంతు. మీ ఊరికి దగ్గర్లో ఏ సముద్రముంటే అది. సూర్యలంక కావచ్చు, మైపాడు కావచ్చు, అంతర్వేది కావచ్చు. వారం వీలుకాకపోతే మూడు రోజులు. ఊళ్ళు తగ్గించండి, పెట్టెలు విప్పే రాత్రులు పెంచండి, ఎవరి బట్టలు వాళ్ళని సర్దుకోమనండి. ఇంట్లో చేటతో మాట్లాడే పెద్దవాళ్ళుంటే వాళ్ళ కోరిక ముందు అడగండి, వాళ్ళ కాళ్ళు నడుస్తున్నప్పుడే. ఆఖరి గడిలో మీ పేరు రాసి, పక్కన "పన్నెండు నుంచి ఆరు దాకా" అని రాయండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. రాసిన కాగితం మాత్రం ఫ్రిజ్ తలుపుకి అంటించండి, అందరికీ కనపడేట్టు!